నీ కార్నర్‌లో ఎవరున్నారు?

చిరంజీవి చిన్నాకు,

మాస్టారి ఆశీస్సులు.

మొన్న రాత్రి నువ్వు ఫోన్ చేసి, బాక్సింగ్ పోటీలు నడిపే ఒక ప్రమోటర్ తరఫు మనిషి వచ్చి కలిశాడనీ, మూడేళ్ల ఒప్పందం అంటున్నాడనీ, మొదటి బౌట్ నాలుగు రౌండ్లనీ చెప్పినప్పుడు నేను ఎక్కువ మాట్లాడలేకపోయాను. "మాస్టారూ, మీకు సంతోషంగా లేదా?" అని అడిగావు. నొచ్చుకున్నట్టున్నావు. సంతోషం లేక కాదు. నలభై ఏళ్లకు పైగా ఈ ఆటతో బతికినవాడిని, ఫోన్‌లో రెండు ముక్కల్లో తేల్చే సంగతి కాదనిపించింది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. నిదానంగా చదువు. మీ అమ్మకు కూడా చదివి వినిపించు.

నిన్ను వెనక్కి లాగడానికి రాయడం లేదని ముందే చెబుతున్నాను. పదకొండేళ్ల వయసులో మీ అమ్మ కొంగు పట్టుకుని మన షెడ్డు గుమ్మం దగ్గర నిలబడ్డ రోజు నుంచి నిన్ను చూస్తున్నాను. నీ ఎడమ చెయ్యి ఎంత మంచిదో నాకు తెలుసు. నీ కాళ్లలో ఉన్న చురుకు నేర్పితే వచ్చేది కాదు. ఇరవై రెండేళ్లకు డబ్బుకు ఆడే ప్రొఫెషనల్ కావాలనుకోవడం తొందరపాటు కూడా కాదు. నన్ను నిద్రపోనివ్వనిది ఒక్కటే. నువ్వు చెప్పిన వివరాల్లో డబ్బు ఉంది, పోస్టర్ ఉంది, వేరే ఊళ్లో బస ఉంది, కొత్త జిమ్ ఉంది. రింగ్ మూలలో, నీ కార్నర్‌లో, రౌండ్ల మధ్య నిన్ను చూసుకోవడానికి ఎవరు నిలబడతారన్నది లేదు. వాళ్లు చెప్పలేదు, నువ్వు అడగలేదు. ఏం రాసినా చివరికి నేను అక్కడికే వస్తాను.

ఆట సంగతి కొంచెం చెప్పనీ. రింగ్ అదే, తాళ్లు అవే, గంట అదే. 1867లో ఇంగ్లండ్‌లో క్వీన్స్‌బెరీ నియమాలు వచ్చినప్పటి నుంచి మూడు నిమిషాల రౌండు, ఒక నిమిషం విరామం, పడినవాడికి పది లెక్కపెట్టడం అలాగే ఉన్నాయి. అయినా నువ్వు ఇన్నాళ్లూ ఆడింది వేరు, ఇకమీదట ఆడబోయేది వేరు. నీకు అలవాటైనవి మూడు రౌండ్లు. గంట కొట్టిన క్షణం నుంచీ పరుగే. అక్కడ మొదట నాలుగు, తర్వాత ఆరు, ఎనిమిది, పది, టైటిల్ బౌట్ అయితే పన్నెండు. ఎనిమిది రౌండ్లు ఆడేవాడు మూడు రౌండ్లవాడిలా ఎగరడు. రౌండు మధ్యలోనే ఊపిరి దాచుకోవడం, ప్రత్యర్థిని గట్టిగా వాటేసుకుని బరువు అతని మీద వేయడం, పొట్ట మీదా పక్కటెముకల మీదా కొట్టి ఏడో రౌండుకు అతని చేతులు కిందికి దిగేలా చేయడం, ఇవన్నీ నేర్చుకోవాలి. నీకు పాయింట్లు తెచ్చిన తేలిక దెబ్బలకు అక్కడ విలువ తక్కువ. మడమ నేలకు ఆనించి, నడుము తిప్పి కొట్టాలి. దీనికి కనీసం ఏడాది పడుతుంది. ఆ ఏడాది నీకు ఇచ్చే కోచ్ దగ్గరికే వెళ్లు.

ఇంకొకటి, గ్లవ్స్. నీ బరువు తరగతిలో ఇప్పుడు వేసుకునేవి పది ఔన్సులవి. ప్రొఫెషనల్‌లో అదే బరువుకు ఎనిమిది ఔన్సులు. తేడా రెండు ఔన్సులే, యాభై ఏడు గ్రాములు. ఈసారి వంటింట్లోకి వెళ్లినప్పుడు ఒక కోడిగుడ్డు చేతిలోకి తీసుకుని చూడు. ఇంచుమించు అంతే బరువు. ఎదుటివాడి పిడికిలికీ నీ కణతకూ మధ్య నుంచి అంత మెత్తదనం తీసేస్తారు. మొదటిసారి ఆ దెబ్బ తగిలినప్పుడు చాలామంది కుర్రాళ్ల ముఖాల్లో నేను ఒకే ఆశ్చర్యం చూశాను.

విజేందర్ సింగ్ సంగతి నీకు తెలిసిందే. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చినవాడు. 2015 అక్టోబర్ 10న మాంచెస్టర్‌లో ప్రొఫెషనల్‌గా తొలి బౌట్ ఆడినప్పుడు ఆయనకు దాదాపు ముప్పై ఏళ్లు. అంతటివాడు కూడా నాలుగు రౌండ్ల బౌట్‌తోనే మొదలుపెట్టాడు. ఇల్లు వదిలి ఇంగ్లండ్ వెళ్లి, లీ బియర్డ్ అనే కోచ్ దగ్గర కొత్త విద్యార్థిలా చేరాడు. మరుసటి ఏడాది జులైలో ఢిల్లీలో కెర్రీ హోప్‌తో పది రౌండ్లు నిలబడి డబ్ల్యూబీఓ ఆసియా పసిఫిక్ టైటిల్ గెలిచాడు. వరసగా పన్నెండు గెలుపులు చూశాక 2021 మార్చిలో గోవాలో ఆర్టిష్ లోప్సాన్ చేతిలో ఓడిపోయాడు. అప్పటికి ఆయన చివరిసారి రింగ్‌లోకి దిగి ఏడాది దాటింది. పన్నెండు గెలుపుల వెనక ఎంత ఏర్పాటు ఉందో చూడు: మంచి ప్రమోటర్, మంచి కోచ్, ఒక్కో మెట్టూ జాగ్రత్తగా ఎంచిన ప్రత్యర్థులు. దాంతో పాటు తిరిగి వచ్చినా ఆదుకునే పేరు.

నీకు ఆ పేరు ఇంకా లేదు. ఈ మాట రాయడానికి నాకు కష్టంగానే ఉంది. నిఖత్ జరీన్‌ను చూడు. నిజామాబాద్ అమ్మాయి. 2009లో మన విశాఖపట్నం వచ్చి స్పోర్ట్స్ అథారిటీ కేంద్రంలో శిక్షణ తీసుకుంది. 2011లో జూనియర్ ప్రపంచ విజేత. 2017లో భుజం జారి ఏడాది పాటు ఆట లేకుండా ఇంట్లో కూర్చుంది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది. పారిస్ ఒలింపిక్స్‌లో పతకం రాలేదు, అయినా తెలంగాణ ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. అదే నిజామాబాద్ నుంచి వచ్చిన హుసాముద్దీన్ సైన్యంలో ఉంటూ రెండు కామన్వెల్త్ క్రీడల్లో పతకాలు తెచ్చాడు. పతకాల కోసం ఆడే అమెచ్యూర్ దారిలో ఇలా ఉద్యోగం దొరికితే, చెయ్యి విరిగినా, భుజం జారినా నెల జీతం వస్తుంది. రైల్వే క్రీడా కోటాకు నువ్వు పెట్టిన దరఖాస్తు ఇంకా నడుస్తూనే ఉందని మీ అమ్మ చెప్పింది. దాని ఫలితం వచ్చేదాకా ఆగమని నా గట్టి సలహా. ఒకసారి ప్రొఫెషనల్ అయితే ఒలింపిక్స్ తలుపు మూసుకుపోయే రోజులు పోయాయి, 2016 నుంచి వాళ్లనూ ఆడనిస్తున్నారు. కాబట్టి ఆర్నెల్లు ఆగితే నీ కొంప మునిగేది ఏమీ లేదు. ఆర్నెల్లు ఆగలేనన్న ప్రమోటర్ మూడేళ్లు నీకు తోడుంటాడని నేను నమ్మను.

డబ్బు లెక్క ఒక్కసారి కాగితం మీద వేద్దాం. ఒక బౌట్‌కు లక్ష రూపాయలు ఇస్తారనుకో. మేనేజర్ వాటా బ్రిటన్‌లో గరిష్ఠంగా పాతిక శాతం. కోచ్‌కు పది శాతం ఇవ్వడం రివాజు. మిగిలింది అరవై అయిదు వేలు. బౌట్‌కు ముందు ఎనిమిది వారాల శిక్షణలో నీ తిండి, స్పారింగ్‌కు, అంటే సాధనలో నీకు ఎదురు నిలబడి కొట్టుకోవడానికి, వచ్చేవాళ్ల ఖర్చు, ప్రయాణాలు, రక్తపరీక్షలు, మెదడు స్కాన్, కంటి పరీక్ష ఎవరి ఖాతాలో పడతాయో ఒప్పందంలో రాసి ఉండకపోతే అవన్నీ నీవే. ఏడాదికి మూడు నాలుగు బౌట్లు దొరికితే గొప్ప. దెబ్బ తగిలి నాకౌట్ అయితే వైద్యుల నిషేధం కొన్ని వారాలు, ఆ కాలమంతా రాబడి సున్నా. అమ్మ కుట్టుమిషన్ మీద నడిచే ఇల్లు మీది. ఈ లెక్క అమ్మ పక్కన కూర్చుని వెయ్యి.

బ్రిటన్‌లో చిన్న హాళ్లలో జరిగే బౌట్ల గురించి విన్నావో లేదో. అక్కడ రెండు కార్నర్‌లు ఒక్కటి కావు. ఒకటి ఇంటి కార్నర్. అందులో ఎదగాల్సిన కుర్రాడు ఉంటాడు. అతను తన టిక్కెట్లు తానే చుట్టాలకూ స్నేహితులకూ అమ్ముకుంటాడు, ఆ డబ్బులోంచే ఎదుటివాడి పారితోషికం కూడా పోతుంది. రెండోది బయటివాడి కార్నర్. అక్కడికి వచ్చేవాడు ఓడిపోవడానికే వస్తాడని అందరికీ తెలుసు. బర్మింగ్‌హామ్‌కు చెందిన పీటర్ బక్లీ అలా 300 బౌట్లు ఆడాడు, 256 ఓడిపోయాడు. 2008లో చివరి బౌట్ గెలిచి ఆట మానేశాడు. ఆయనను నేను ఎంతో గౌరవిస్తాను. ఎదుటివాడి దెబ్బ తలకు తగలకుండా ఎలా జారుకోవాలో, దెబ్బలు తినకుండా ఎలా ఓడాలో ఆయనకు తెలిసినంత బాగా చాలామంది ఛాంపియన్లకు తెలియదు. అయితే ఆ పని ఆయన తెలిసి ఒప్పుకున్నాడు. నిన్ను పిలుస్తున్నవాళ్లు ఏ కార్నర్‌కు పిలుస్తున్నారో నువ్వు తెలుసుకోవాలి. మొదటి బౌట్ ప్రత్యర్థి ఎవరు, అతను ఎన్ని ఆడాడు, ఎన్ని గెలిచాడు, అతని ఊరు ఏది అని అడుగు. అతనికి పదీ సున్నా రికార్డు, అంటే పది గెలుపులు, ఒక్క ఓటమీ లేకుండా, ఉండి, బౌట్ అతని సొంత ఊళ్లో అయితే, బాబూ, నువ్వు అతని రికార్డులో పదకొండో అంకెవి.

బరువు విషయం నీకు కొత్త కాదు కాబట్టి రెండు మాటలతో వదిలేస్తాను. ప్రొఫెషనల్‌లో బరువు ముందు రోజు చూస్తారు. ఒక రాత్రిలో తిరిగి ఎక్కించుకోవచ్చు కదా అని ఏడెనిమిది కిలోల నీళ్లు ఒంట్లోంచి పిండేసే కుర్రాళ్లు ఉన్నారు. కండలకు మర్నాటికి నీళ్లు అందుతాయి, మెదడు చుట్టూ తగ్గిన నీళ్లు అంత తొందరగా తిరిగి రావు. రబ్బరు సూటు వేసుకుని ఎండలో పరుగెత్తమనే మనిషి నీకు కోచ్ కాదు. ఆఖరి వారంలో రెండు కిలోలకు మించి తీయాల్సి వస్తోందంటే పై తరగతిలో ఆడు.

ఇప్పుడు కార్నర్ దగ్గరికి వస్తాను.

రౌండుకు రౌండుకు మధ్య అరవై సెకన్లు. నువ్వు నడిచి వచ్చి స్టూలు మీద కూలబడేసరికి అయిదారు పోతాయి. చివరి పది సెకన్లకు విజిల్ వేసి సెకండ్లను, అంటే కార్నర్‌లో సాయం చేసేవాళ్లను, బయటికి పొమ్మంటారు. మిగిలిన నలభై అయిదు సెకన్లలో ఒకరు పళ్లకు పెట్టుకున్న గమ్ షీల్డ్ తీసి కడగాలి, ఒకరు కనుబొమ మీద చీలికకు మందులో ముంచిన దూది అదిమి పట్టాలి, వాచిన చోట మంచులో పెట్టిన ఇనుప ముక్క ఒత్తాలి, ముఖానికి వ్యాజలిన్ రాయాలి, ఒక గుక్క నీళ్లు పట్టాలి. మాట్లాడే మనిషి ఒక్కడే ఉండాలి. అతను ఒక్క మాటే చెప్పాలి. ఇద్దరు ముగ్గురు ఒకేసారి అరుస్తున్న కార్నర్ కనిపిస్తే అక్కడి కుర్రాడి మీద నాకు జాలి వేస్తుంది.

నేను మాత్రం అన్నిటికంటే ముందు కళ్లు చూస్తాను. రక్తం చూసి జనం గోల పెడతారు. రక్తం పెద్ద సంగతి కాదు, తోలు అతుక్కుంటుంది. కళ్లు నన్ను వెతుక్కుని నిలిచాయా, నా భుజం మీదుగా ఎటో చూస్తున్నాయా? చూశాక ఒక ప్రశ్న అడుగుతాను: ఇది ఎన్నో రౌండు?

నీకు ఈ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో ఇంతవరకు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

నీకంటే చాలా ముందు నా దగ్గర ఒక కుర్రాడు ఉండేవాడు. అమెచ్యూర్‌లో రాష్ట్రానికి ఆడాడు. తర్వాత ప్రొఫెషనల్ బౌట్లు ఆడతానన్నాడు. నేను కార్నర్‌లో ఉంటానని వెంట వెళ్లాను. వేరే రాష్ట్రంలో ఎనిమిది రౌండ్ల బౌట్. నాలుగో రౌండుదాకా మనవాడిదే పైచేయి. అయిదో రౌండులో ఒక కుడిచేతి దెబ్బ చెవి వెనకగా తగిలింది. పడలేదు. పడి ఉంటే బాగుండేది, రెఫరీ లెక్కపెట్టేవాడు, కళ్లు చూసేవాడు. గంట కొట్టాక వచ్చి కూర్చున్నాడు. "ఎన్నో రౌండురా?" అని మామూలుగానే అడిగాను. "మూడు" అన్నాడు.

నా భుజం మీద టవల్ ఉంది. అది రింగ్‌లోకి విసిరితే ఓటమి ఒప్పుకుని బౌట్ ఆపించినట్టు. ఆ టవల్ బరువు నాకు ఇప్పటికీ గుర్తుంది, తడిసి ఉంది. పాయింట్లలో మనమే ముందున్నాం అనుకున్నాను. గెలిస్తే తర్వాతి బౌట్‌కు రెట్టింపు ఇస్తానని ప్రమోటర్ అని ఉన్నాడు. కుర్రాడు "బాగానే ఉన్నాను మాస్టారూ" అన్నాడు. ఎవరైనా అదే అంటారు. నీళ్లు పట్టి, "చేతులు పైన పెట్టు" అని చెప్పి పంపించేశాను. తర్వాత మూడు రౌండ్లు అతను ఎలా నిలబడ్డాడో నాకు తెలియదు. చివరి గంట దాకా నిలబడి ఓడిపోయాడు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. నేనూ గర్వపడ్డాను. ఆ రాత్రి బసలో అతను ఒకే మాట మూడుసార్లు అడిగాడు, మన రైలు ఎన్ని గంటలకు అని.

ఇప్పుడు అతనికి నలభై దాటాయి. చిన్న కిరాణా దుకాణం ఉంది. ఆదివారాలు నేను వెళ్లి కూర్చుంటాను. ఇచ్చిన చిల్లరే మళ్లీ ఇస్తాడు. భార్య గమనించి పక్కకు తీస్తుంది, అతనికి తెలియనివ్వదు. ఆ తప్పు ప్రమోటర్‌ది కాదు, రెఫరీది కాదు, టవల్ నా భుజం మీద ఉంది.

అందుకే జో ఫ్రేజియర్ కోచ్ ఎడ్డీ ఫచ్ పేరు చెప్పినప్పుడల్లా నా గొంతు మారుతుంది. 1975 అక్టోబర్ 1, మనీలా. మహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్ పద్నాలుగు రౌండ్లు కొట్టుకున్నారు. ఫ్రేజియర్ కళ్లు మూసుకుపోయాయి, వస్తున్న దెబ్బ కనిపించడం లేదు. మిగిలింది ఒక్క రౌండు, మూడు నిమిషాలు. అటువైపు అలీ కూడా ప్రాణాలు చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. ఫ్రేజియర్ ఆడతానని బతిమాలాడు. ఫచ్ కూర్చోమన్నాడు, బౌట్ అయిపోయిందన్నాడు. ప్రపంచ టైటిల్‌ను, అంత డబ్బును, తన మనిషి కోపాన్ని లెక్కచేయకుండా ఆపేశాడు. ఫచ్ అంతకుముందు రింగ్‌లో చావులు చూసినవాడు. చూడనివాడికి ఆ ధైర్యం రావడం కష్టం.

అలీని నేను కళ్లారా చూశాను. 1980లో మద్రాసు వచ్చి జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన బౌట్ ఆడాడు. నాకప్పుడు ఇరవై ఏళ్లు, నేవీలో ఉన్నాను, సెలవు పెట్టి రైలెక్కాను. ఎంతో దూరం నుంచి చూశాను. ఒళ్లు వచ్చినా ఆ కాళ్లు కదులుతుంటే దేవుడిని చూసినట్టే అనిపించింది. అదే ఏడాది అక్టోబర్ 2న లాస్ వేగాస్‌లో లారీ హోమ్స్ ముందు నిలబడ్డాడు. పది రౌండ్లు దెబ్బలు తింటూనే ఉన్నాడు, పదకొండో రౌండుకు ఆయన కోచ్ ఏంజెలో డండీ పంపలేదు. అలీ వైద్యుడు ఫెర్డీ పచేకో మూడేళ్ల ముందే, 1977లో ఎర్నీ షేవర్స్‌తో బౌట్ తర్వాత, మూత్రపిండాలు దెబ్బతిన్నాయన్న పరీక్ష నివేదికను అలీకీ చుట్టూ ఉన్నవాళ్లకూ పంపాడు. ఎవరూ పలకలేదు. ఆయన తప్పుకున్నాడు. అలీ మరో నాలుగు బౌట్లు ఆడాడు. 1984లో పార్కిన్సన్స్ జబ్బు అని తేలింది. చుట్టూ అంతమంది ఉన్నా, ఆపగలిగిన చెయ్యి సమయానికి లేచింది ఒకటీ రెండుసార్లే.

1982 నవంబర్ 13న రే మాన్సీనీతో పద్నాలుగో రౌండులో పడిన కొరియా కుర్రాడు డుక్ కూ కిమ్ కొన్ని రోజులకు చనిపోయాడు. ఆ తర్వాతే టైటిల్ బౌట్లు పదిహేను రౌండ్ల నుంచి పన్నెండుకు తగ్గాయి. తలకు తగిలే దెబ్బలు మెదడును నెమ్మదిగా తినేస్తాయని అమెరికా వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ 1928లోనే రాశాడు. కాబట్టి ఎవరికీ తెలియని సంగతేమీ కాదు. నాకూ ఆ రాత్రి తెలుసు.

ఇక నువ్వు చేయాల్సినవి. ఒప్పందంలో నీ ప్రధాన సెకండ్‌ను నువ్వే ఎంచుకుంటావని రాయించు. అతని డబ్బు నీ గెలుపోటములతో ముడిపడి ఉండకూడదు. ప్రమోటరే మేనేజర్‌గా కూడా ఉంటానంటే ఒప్పుకోకు. ఒకరి పని నీకు తక్కువ ఇచ్చి బౌట్ నడపడం, రెండోవారి పని నీకు ఎక్కువ ఇప్పించడం. రెండు పనులూ ఒక్క మనిషి ఎలా చేస్తాడు? అమెరికాలో ఇందుకోసమే 2000లో అలీ పేరుతో చట్టం చేశారు. ఇక్కడ అలాంటి చట్టం నీకు అండగా లేదు, కాగితమే అండ. ఏడాదికి ఎన్ని బౌట్లు తప్పకుండా ఇస్తారు, ఇవ్వకపోతే నువ్వు బయటికి రావచ్చా, గాయపడితే వైద్యం ఎవరిది, బీమా ఎంత, మూడేళ్ల తర్వాత వాళ్ల ఇష్టం మీద గడువు పెంచుకునే మాట ఎక్కడైనా దాగి ఉందా, ఇవన్నీ వకీలు చూడాలి. మన వీధి చివర ఇంట్లో ఉండే వకీలు గారితో నేను మాట్లాడాను. చదివి పెడతానన్నారు, ఫీజు వద్దన్నారు.

స్పారింగ్ సంగతి కూడా అడుగు. మన షెడ్డులో వారానికి ఒక్కసారే గట్టిగా కొట్టుకోనిచ్చేవాడిని, నువ్వు విసుక్కునేవాడివి. తలకు తగిలే దెబ్బల్లో చాలా భాగం జనం చూసే బౌట్లలో తగలవు. సాయంత్రాలు జిమ్‌లో తగులుతాయి. రోజూ స్పారింగ్ పెట్టి, పై బరువువాళ్లకు నిన్ను బ్యాగులా అప్పగించే జిమ్ అయితే మొదటి వారంలోనే తెలిసిపోతుంది. సామాను సర్దుకుని వచ్చెయ్యి. ఎవరూ ఏమీ అనుకోరు, అనుకున్నా ఫరవాలేదు.

ఎప్పుడు మానేయాలో ఇప్పుడే రాసిపెట్టుకో. ఓడిపోతున్నప్పుడు ఎవరూ ఆ మాట రాయలేరు. రాకీ మార్సియానో 49 బౌట్లు ఆడి 49 గెలిచి 1956లో మానేశాడు, మళ్లీ రాలేదు. జో లూయిస్ పన్నెండేళ్లు ప్రపంచ ఛాంపియన్, 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. యుద్ధకాలంలో పారితోషికాలు సైనిక నిధులకు ఇచ్చేసిన మనిషి. పన్ను బకాయిలు కొండలా పెరిగి, అవి తీర్చడానికి రిటైరయ్యాక మళ్లీ రింగ్‌లోకి వచ్చాడు. 1951లో ఆ మార్సియానోయే ఆయన్ని తాళ్ల మధ్య నుంచి బయటికి పడగొట్టాడు. నీ కాగితంలో ఇవి రాయి: ఇదివరకు తప్పించుకున్న దెబ్బలే ఇప్పుడు తగులుతున్నాయని కోచ్ చెప్పిన రోజు, తలనొప్పి మూడు రోజులు వదలని రోజు, చెప్పిన మాటే మళ్లీ చెబుతున్నావని అమ్మ అన్న రోజు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి వచ్చినా వైద్యుడు చూసేదాకా గ్లవ్స్ ముట్టుకోనని కింద సంతకం పెట్టి ఆ కాగితం అమ్మకు ఇవ్వు.

కార్నర్‌లో నన్నే ఉండమని అడుగుతావని తెలుసు. అరవై అయిదేళ్లు వచ్చాయి, చీలిక మీద మందు అదిమే వేళ్లు వణుకుతున్నాయి. రక్తం ఆపే పని నా వల్ల కాదు, దానికి వేరే మనిషిని చూద్దాం. టవల్ మాత్రం నా దగ్గర ఉంచుతానంటే వస్తాను. నువ్వు ఎంత అరిచినా, గెలుస్తున్నా సరే, నా ప్రశ్నకు జవాబు తప్పితే అది రింగ్‌లో పడుతుంది. ఇది ముందే ఒప్పుకుంటేనే వస్తాను. నువ్వు తర్వాత నాతో మాట్లాడకపోయినా నేను తట్టుకోగలను.

ఆదివారం పొద్దున ఆరింటికి బీచ్‌లో పరుగు అయ్యాక మా ఇంటికి రా. అమ్మను వెంటబెట్టుకుని రా. ఒప్పందం కాగితాలు ఎక్కడా ఒక్క సంతకం పెట్టకుండా తీసుకురా. వకీలు గారి దగ్గర పని అయ్యాక ముగ్గురం కలిసి ఆ కిరాణా దుకాణానికి వెళదాం. నీ గురించి అతనికి చాలాసార్లు చెప్పాను, ప్రతిసారీ కొత్తగా విని సంతోషిస్తాడు. బ్యాండేజీలు మరిచిపోకు, నాలుగున్నర మీటర్లవి, ఉతికి చుట్టినవి. బొటనవేలి దగ్గర మొదలుపెట్టి మణికట్టు మూడు చుట్లు, వేళ్ల సందుల్లోంచి ఒక్కో చుట్టు, మళ్లీ పిడికిలి మీదికి, ఎక్కడా ముడత రాకుండా చుట్టడం అతనికి ఇప్పటికీ నా కంటే బాగా వచ్చు. నీ చేతులకు ఆ రోజు అతనే చుడతాడు.

ఇట్లు,
నీ మాస్టారు